నీలికళ్ళ గడ్డి ఇంటిపేరు

అమెరికాలో విమానం దిగిన రోజు నుంచీ మనవాళ్ళందరికీ తప్పని తలనొప్పి ఒకటుంది. అదే ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరవాత. ఇక్కడ ప్రతి ఫారం మీదా 'లాస్ట్ నేమ్' అని గడి ఉంటుంది. చివరనున్న పేరు కదా అని అందులో రాస్తే, తాతగారి జ్ఞాపకంగా పెట్టిన పేరు కాస్తా ఇంటిపేరై కూర్చుంటుంది. పిల్లల తరానికి అదే స్థిరపడిపోతుంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారికీ ఇదే జరిగింది. ఇక్కడి వాళ్ళకి ఆయన డాక్టర్ సుబ్బారావు. ఆయన 1948లో కన్నుమూశాక, 1953లో హెసెల్టిన్ అనే శాస్త్రవేత్త ఒక కొత్త రకం బూజుకి ఆయన గౌరవార్థం 'సుబ్బరోమైసిస్' అని పేరు పెట్టాడు. అందులో ఎల్లాప్రగడ అన్న మాట ఎక్కడా లేదు. అయితేనేం, శాస్త్రం లెక్కలో సుబ్బరోమైసిస్ ఇప్పుడొక ఇంటిపేరు!

ఇంటిపేరు అని ఊరికే అనలేదు. మొక్కలకీ బూజులకీ శాస్త్రజ్ఞులు పెట్టే లాటిన్ పేర్లు అచ్చం మన తెలుగు పద్ధతిలోనే ఉంటాయి. ప్రజాతి పేరు ముందు, జాతి పేరు వెనక. అంటే ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. మొక్కలన్నిటికీ ఇలా రెండు ముక్కల పేర్లు వరసగా పెట్టుకొచ్చినవాడు స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్, 1753లో. తమాషా ఏమిటంటే ఆయన తండ్రికి మొదట్లో ఇంటిపేరే లేదు. యూనివర్సిటీలో చేరడానికి ఏదో ఒకటి కావాలంటే తమ ఇంటి దగ్గరి లిండెన్ చెట్టు పేరు మీద 'లిన్నేయస్' అని పెట్టుకున్నాడు. మన ఇళ్ళలోనూ చింత, వేప, తాడి, మామిడి వాళ్ళున్నారు కదా!

నేను డెబ్భైలలో గుంటూరులో వృక్షశాస్త్రం చదువుకున్నాను. తరవాత అందరిలాగే కంప్యూటర్ల వెంట పడి ఈ దేశం వచ్చాను. చదివిన చదువు వృథా పోకూడదని ఉద్యోగ విరమణ తరవాత నార్త్ కెరొలైనాలో ఇంటి చుట్టుపక్కల కలుపు మొక్కల పేర్లు వెతకడం వ్యాపకంగా పెట్టుకున్నాను. అలా పరిచయమైన ఒక చిన్న మొక్క చరిత్రే ఈ వ్యాసం. ఇంగ్లీషులో దాన్ని 'బ్లూ ఐడ్ గ్రాస్' అంటారు. మనం నీలికళ్ళ గడ్డి అనుకుందాం. శాస్త్రంలో దాని ఇంటిపేరు సిసిరింకియం. నోరు తిరగకపోయినా ఫరవాలేదు, ఇక్కడివాళ్ళకీ తిరగదు.

ముందు దాని రూపం చెప్పాలి. జానెడు నుంచి మూరెడు ఎత్తు. గడ్డిపరకల్లాంటి సన్నటి ఆకులు, విసనకర్ర మడతల్లాగ ఒకదాన్నొకటి పట్టుకుని లేస్తాయి. కాడ గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. దాని చివర చిటికెన గోరంత పువ్వు, ఆరు రేకులు, ఒక్కో రేకు కొసన చిన్న ములుకు. రంగు నీలం, కొన్నిటిలో ఊదా, మధ్యలో పసుపు. అంటే కన్ను నీలం కాదు, పసుపు. పోనీ గడ్డా అంటే అదీ కాదు. పేరులో ఉన్న రెండు మాటలూ తప్పేనన్నమాట. ఎండ ఉన్న రోజున పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది. ఏ పువ్వుకైనా ఒక్కరోజే ఆయుష్షు. మర్నాటికి ఇంకో మొగ్గ సిద్ధంగా ఉంటుంది. పువ్వు రాలాక శనగగింజంత గుండ్రటి కాయ, దాంట్లో నల్లటి గింజలు.

ఇది ఐరిస్ కుటుంబం. మన తెలుగువాళ్ళకి ఈ కుటుంబంతో చుట్టరికం ఉంది, అదీ వంటింటి చుట్టరికం. పాయసంలో వేసే కుంకుమపువ్వు ఈ కుటుంబపు ఆడపడుచే. పువ్వుకి మూడేసి కేసరాలుండటం ఈ ఇంటివాళ్ళ పోలిక. కుంకుమపువ్వులో మనం ఏరుకునే మూడు ఎర్రటి పోగులు కీలాగ్రాలు, పక్కనున్న మూడు పసుపువి కేసరాలు. అయితే ఈ ఇద్దరి జాతకాలకీ పొంతన లేదు. కుంకుమపువ్వుకి గింజ కట్టదు. దుంప తవ్వి మనిషి చేత్తో నాటితే తప్ప అడుగు కదల్లేదు. గ్రీసు ప్రాంతపు అడవి మొక్క నుంచి పుట్టి కాశ్మీరు దాకా వచ్చిందంటే ప్రతి అడుగూ ఎవరో ఒకరు మోసుకొచ్చిందే. నీలికళ్ళ గడ్డి అలా కాదు. గింజ రాలిందా, ఎక్కడైనా లేస్తుంది. ఈ తేడా వల్ల చరిత్రలో పెద్ద పేచీయే వచ్చింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఇప్పుడు ఇంటిపేరు సంగతి. సిసిరింకియం ప్రజాతిలో దాదాపు నూట నలభై జాతులున్నాయి. అలాస్కా నుంచి చిలీ, అర్జెంటీనాల దాకా దాదాపు అన్నీ అమెరికా ఖండాలవే. కాని పేరు మాత్రం గ్రీకు పేరు! క్రీస్తుకి మూడు వందల ఏళ్ళ ముందు థియోఫ్రాస్టస్ అనే గ్రీకు పండితుడు 'సిసిరింకియాన్' అని ఒక మొక్కని వర్ణించాడు. ఆయన అమెరికా మొక్కని చూసే అవకాశమే లేదు కదా. ఆయన చెప్పింది మధ్యధరా తీరాన పెరిగే, దుంప తినదగిన ఒక చిన్న ఐరిస్ జాతి మొక్క అని పండితుల ఊహ. రెండు వేల ఏళ్ళ తరవాత యూరప్ పండితులు ఆ పాత పేరుని తెచ్చి అమెరికా మొక్కకి తగిలించారు. అసలు హక్కుదారుకి ఇప్పుడు మొరియా సిసిరింకియం అని పేరు. తన ఇంటిపేరు పరాయివాళ్ళ పాలై, తనకి అది వెనకాల తోకలాగ మిగిలింది.

ఆ గ్రీకు మాటకి అర్థం మీద కూడా తగాదా ఉంది. 'పంది మూతి' అని కొందరు. పందులు ఆ దుంపల కోసం మూతితో నేల పెళ్ళగిస్తాయి కాబట్టి అలా అన్నారట. 'సిసిరా' అంటే మేకబొచ్చు కోటు, దుంప చుట్టూ ఉండే పీచుని బట్టి ఆ పేరొచ్చిందని ఇంకొందరు. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. కాని కథగా చెప్పుకోవడానికి పందే బాగుంటుంది. ఎందుకంటే కథ ఇప్పుడు బెర్ముడా వెళుతోంది, అక్కడా పందులున్నాయి.

1609లో ఇంగ్లండు నుంచి వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌కి మనుషుల్ని తీసుకెళుతున్న 'సీ వెంచర్' అనే ఓడ తుపానులో చిక్కి బెర్ముడా దిబ్బల మీదకెక్కింది. నూట యాభై మంది దాకా ప్రాణాలతో ఒడ్డుకి చేరారు. ద్వీపంలో మనుషులు లేరు, అంతకుముందు వచ్చిపోయిన ఓడలవాళ్ళు వదిలేసిన పందులు మాత్రం ఉన్నాయి. వాటిని తిని బతికి, అక్కడి దేవదారు చెక్కతో రెండు చిన్న ఓడలు కట్టుకుని మర్నాడు ఏడు మే నెలలో జేమ్స్‌టౌన్ చేరారు. తరవాత ఆ ద్వీపం వలసగా స్థిరపడ్డాక కొట్టిన మొట్టమొదటి నాణేల మీద పంది బొమ్మే వేశారు. ఇప్పటికీ బెర్ముడా ఒక సెంటు మీద పంది ఉంటుంది.

ఆ ద్వీపంలో, సముద్రపుగాలి తగిలే రాతినేలల్లో, వసంతంలో పూసే నీలం పువ్వుకి 'బెర్ముడియానా' అని పేరు. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పుట్టని జాతి అది. బెర్ముడా జాతీయ పుష్పం కూడా. విత్తనాలో మొక్కలో యూరప్ తోటలకి చేరాక ఫ్రాన్సులో టూర్నెఫోర్ పదిహేడో శతాబ్దం చివర్లో ఏకంగా ప్రజాతికే బెర్ముడియానా అని పేరు పెట్టాడు. వర్జీనియా నుంచి వచ్చిన సన్నాకు మొక్కని కూడా ఆ పేరు కిందే చేర్చారు. 1732లో డిల్లేనియస్ లండన్ దగ్గర ఎల్తమ్ అనే చోట ఒక పెద్దమనిషి తోటలోని మొక్కల గురించి పుస్తకం వేస్తూ, ఐరిస్ ఆకు లాంటి ఆకున్న బెర్ముడియానాని, గడ్డి ఆకు బెర్ముడియానాని వేరువేరుగా చూపించాడు. అంటే ఈ రెండూ ఒకటి కాదని అప్పటికే కళ్ళున్నవాళ్ళకి కనపడింది.

లిన్నేయస్ ఇరవై ఏళ్ళ తరవాత వచ్చి ఆ రెంటినీ ఒకే జాతిలో కలిపేశాడు. బెర్ముడియానా అన్న ఇంటిపేరు కొట్టేసి, గ్రీకు పేరు ముందు పెట్టి, 'సిసిరింకియం బెర్ముడియానా' అన్నాడు. ద్వీపం మొక్కా, ఖండం మొక్కా రెండూ దాని కిందే. ఆయన అమెరికా గడ్డ మీద ఏనాడూ కాలు పెట్టలేదు. 1768లో చెల్సీ తోట చూసుకునే ఫిలిప్ మిల్లర్ సన్నాకు దాన్ని విడదీసి 'సిసిరింకియం అంగుస్టిఫోలియం' అని వేరే పేరిచ్చాడు. ఇరుకు ఆకులది అని అర్థం. కాని లిన్నేయస్ మాట ముందు మిల్లర్ మాట ఎవరు వింటారు? ఆ తరవాత నూరేళ్ళకి పైగా అమెరికా పచ్చికబయళ్ళలో నీలంగా కనపడ్డ ప్రతిదాన్నీ చాలామంది బెర్ముడియానా అనే రాసేశారు. వేల మైళ్ళ ఖండంలోని మొక్కలకి యాభై చదరపు కిలోమీటర్ల ద్వీపం పేరు! పేరు అందరికీ పంచిపెట్టి, చివరికి తానెవరో తెలియకుండా పోయింది ఆ ద్వీపపు మొక్క.

ఇక్కడొక మాట చెప్పాలి. ఈ పేర్ల గొడవంతా యూరప్ తోటల్లో జరుగుతున్నప్పుడు, ఆ మొక్క పక్కనే బతుకుతున్న వాళ్ళు దాన్ని వాడుకుంటూనే ఉన్నారు. చెరోకీలు దీని ఆకుని మిగతా ఆకుకూరల్లో కలిపి వండుకునేవారు, పిల్లల విరేచనాలకి వేరు కషాయం ఇచ్చేవారు. కాలిఫోర్నియాలో ఒహ్లోనీ తెగవాళ్ళు జ్వరానికీ కడుపునొప్పికీ వాడేవారు. అక్కడి స్పానిష్ వాళ్ళు వాళ్ళని చూసి నేర్చుకున్నారు. (మీరెవరూ ప్రయత్నించకండి, మీ డాక్టర్లు నన్ను తిడతారు.) నేనుండే రాష్ట్రంలోని కొండల నుంచి చెరోకీలని 1838లో సైనికులు తరిమేశారు. దారిలో వేలమంది పోయారు. మొక్కల పుస్తకాల్లో చరిత్ర 1753తో మొదలవుతుంది కాబట్టి ఈ సంగతులు అక్కడ కనపడవు, వేరే పుస్తకాల్లో వెతుక్కోవాలి.

ఇక నా అభిమాన పాత్ర, యూజీన్ బిక్నెల్. 1859లో పుట్టాడు, 1925లో పోయాడు. న్యూయార్క్‌లో బ్యాంకు ఉద్యోగం. శాస్త్రజ్ఞుడిగా ఒక్క రోజు జీతం తీసుకోలేదు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, 1881లో, క్యాట్స్‌కిల్ కొండల్లో స్లైడ్ మౌంటెన్ మీద ఎవరూ గుర్తించని ఒక పాటల పిట్టని పట్టుకున్నాడు. దానికి ఇప్పటికీ బిక్నెల్స్ త్రష్ అనే పేరు. అమెరికా పక్షిశాస్త్రజ్ఞుల సంఘాన్ని 1883లో మొదలుపెట్టిన వాళ్ళలో ఇతనొకడు. ఆ మనిషికి నడివయసులో నీలికళ్ళ గడ్డి పిచ్చి పట్టుకుంది.

పిచ్చి అనడం ఎందుకంటే, ఈ మొక్కల దగ్గరికి తెలివైనవాళ్ళు పోరు. ఎండబెట్టి కాగితానికి అంటిస్తే పువ్వు ముడుచుకుపోతుంది, రంగు పోతుంది, ఆకులు కొన్నిటిలో నల్లబడతాయి. మిగిలింది ఒక గడ్డిపోచ. మ్యూజియంలో కూర్చుని వంద గడ్డిపోచలని చూసేవాడికి అన్నీ ఒకటే. పొలాల వెంట తిరిగి చూసేవాడికే తేడాలు తెలుస్తాయి. ఒకదానికి కాడ కొమ్మలు వేస్తుంది, ఇంకొకటి వెయ్యదు. ఒకదాని కాడకి రెక్కలు వెడల్పు, ఇంకొకదానికి దారంలా సన్నం. ఒకటి నీటి వార పెరిగితే ఇంకొకటి ఇసుక పర్రలో పెరుగుతుంది. బిక్నెల్ 1896 నుంచి టోరీ బొటానికల్ క్లబ్ పత్రికలో వరసగా ఈ మొక్కల మీద వ్యాసాలు రాశాడు. అంతవరకూ తూర్పు రాష్ట్రాల్లో ఒకటో రెండో జాతులనుకున్న చోట డజన్ల కొద్దీ కొత్త పేర్లు పెట్టాడు. అట్లాంటికమ్, ఇడహోయెన్స్, కాంపెస్ట్రే, రోసులాటం అన్నీ ఆయన పెట్టినవే. పడమటి తీరంలో 'గ్రాస్ విడో' అనే పెద్ద ఊదాపువ్వు మొక్కని ఈ ఇంట్లోంచి వేరు చేసి, రాఫినెస్క్ ఎప్పుడో ప్రతిపాదించి వదిలేసిన 'ఒల్సినియం' అన్న ఇంటిపేరు కిందకి 1900లో మార్చాడు. ఆ మార్పు ఇప్పటికీ నిలిచింది.

ఆయన పెట్టిన పేర్లన్నీ మాత్రం నిలవలేదు. తరవాతివాళ్ళు కొన్నిటిని మళ్ళీ కలిపేశారు. అందులో ఆయన తప్పు కన్నా మొక్క గడుసుతనమే ఎక్కువ. వీటి క్రోమోజోములు ఎనిమిది చొప్పున హెచ్చుతూ పోతాయి. కాలిఫోర్నియా మొక్కలో 32 ఉంటే, మన తూర్పు తీరపు అంగుస్టిఫోలియంలో 96 దాకా ఉంటాయి. పైకి కవలల్లా ఉన్నవి లోపల లెక్కల్లో వేరు. 2002లో వచ్చిన ఉత్తర అమెరికా వృక్షసంపుటం మెక్సికోకి ఎగువన 37 జాతుల్ని ఒప్పుకుంది. లిన్నేయస్ ఒకటన్నాడు, బ్యాంకు ఉద్యోగి డజన్లన్నాడు. ఎవరు నిజానికి దగ్గరో మీరే చూడండి.

ముందు చెప్పిన పేచీ ఇప్పుడు. 1840ల మధ్యలో ఐర్లండు పడమట గాల్వే ప్రాంతంలో తడి పచ్చికలో నీలికళ్ళ గడ్డి కనపడింది. తరవాత ఫెర్మనా, కెర్రీ వగైరా చోట్ల కూడా. ఐరిష్ భాషలో దానికి 'ఫెలిష్ట్రీన్ గొర్మ్' అని పేరుంది, నీలం చిన్న ఐరిస్ అని. అమెరికా ఖండపు మొక్క అట్లాంటిక్ దాటి అక్కడికెలా వచ్చింది? ఓడల్లో ఎవరో తెచ్చి ఉంటారు, పరాయిది అన్నారు కొందరు. కాదు, ఇది ఇక్కడిదే, ఎప్పటినుంచో ఉంది అన్నారు ఇంకొందరు. వాళ్ళ వాదనకి బలమేమిటంటే అది ఒంటరి కాదు. అమెరికాలో ఉండి, యూరప్‌లో ఐర్లండు, స్కాట్లండు పడమటి అంచుల్లో మాత్రమే కనిపించే మొక్కలు ఇంకా ఉన్నాయి. చెరువుల్లో పెరిగే పైప్‌వర్ట్, ఒక తెల్ల ఆర్కిడ్. వీటిని తెచ్చి పెంచాలని ఎవరికి పుడుతుంది? గ్రీన్లండులో పిల్లల్ని పెట్టి చలికాలానికి ఐర్లండు వచ్చే బాతుల కాళ్ళకంటిన బురదలో గింజలు వచ్చి ఉంటాయని ఒక ఊహ. ఇప్పుడు చాలామంది దాన్ని ఐర్లండు సొంత మొక్కగానే లెక్కవేస్తున్నారు.

ఈ వాదనలు చదువుతున్నప్పుడు నాకొకటి తోచింది. మొక్కని మొదటిసారి కాగితం మీద రాసుకున్న తేదీ, అది వచ్చిన తేదీ కాదు. ఆ తేడా మరిచిపోయి చాలామంది పండితులు పరాయిది అని ముద్ర వేశారు. పైగా ఆ కాలం చూడండి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప తెగులు మొదలై, ఏడేళ్ళలో పది లక్షలమంది ఆకలికి, జబ్బులకి పోయారు. అంతకన్నా ఎక్కువమంది ఊళ్ళు విడిచారు. అందులో పెద్ద భాగం అమెరికా ఓడలెక్కారు. గాల్వే మనుషులు పడమటికి పోతుంటే, పడమటి మొక్క గాల్వేలో కుదురుగా పూస్తోంది. అక్కడి మనుషులకి న్యూయార్క్‌లోనూ బోస్టన్‌లోనూ ఎలాంటి స్వాగతం దొరికిందో మన పిల్లలు స్కూల్లో చదువుతూనే ఉన్నారు.

ఈ ఇంటివాళ్ళు ఇంకా దూరాలు పోయారు. హవాయిలో ఎత్తయిన కొండల మీద ఒక పసుపుపువ్వు జాతి ఉంది, అది అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. మనుషులు చేరకముందే సముద్రం దాటి చేరినదన్నమాట. దాని ఆకు రసం ఒంటికి రాస్తే నీలం మరక పడుతుంది. కిలవేయా అగ్నిపర్వతం చూసొచ్చినవాళ్ళు రుజువుగా ఆ మరక వేసుకునేవారట. తిరుపతి వెళ్ళొచ్చామని గుండు చూపించినట్టు! జపాన్‌కి మెయిజీ కాలంలో చేరిన జాతి ఇప్పుడు అక్కడి ఊళ్ళలో మామూలు గడ్డిపువ్వు. 'నివాజెకిషో' అని శుభ్రంగా జపాను పేరు పెట్టేసుకున్నారు.

ఆ జపాను జాతి, మా పెరటిదీ ఒకటే. బిక్నెల్ 1899లో పేరు పెట్టిన రోసులాటం. ఏడాదికోసారి పుట్టి పోయేది. దక్షిణాది రాష్ట్రాల లాన్‌లలో దీన్ని కలుపు కింద లెక్కకట్టి చంపడానికి సలహాలు రాస్తారు. మామూలు కలుపు మందులు వెడల్పాకు మొక్కల్ని చంపి గడ్డిని వదిలేస్తాయి. ఇది గడ్డి కాదు కాని, ఒంటి బద్ద మొక్క కావడంతో ఆ మందులకి అంత తేలిగ్గా లొంగదు. ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చిందనీ, కాబట్టి 'నేటివ్' కాదనీ కొందరంటారు. అటుపక్క నర్సరీలో అంగుస్టిఫోలియం మొక్క నేటివ్ అనే చీటీతో పది డాలర్లు. అందులో బాగా అమ్ముడుపోయే రకం పేరు 'లూసర్న్', అది స్విట్జర్లండులో ఊరు. అమెరికా మొక్కే, కాకపోతే ఫారిన్ రిటర్న్‌డ్!

మూడేళ్ళ కిందట ఏప్రిల్‌లో మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ముందు లాన్‌లో కలుపు పెరిగింది, పది రోజుల్లో తీయకపోతే జరిమానా అని. మా ఆవిడ ఉత్తరం చదివి, "ఏమండీ, మీ చుట్టాలని వెళ్ళిపొమ్మంటున్నారు" అంది. నేను ఒక పేజీ జవాబు రాశాను. ఇది ఐరిస్ కుటుంబపు మొక్క, ఈ జాతికి పేరు పెట్టినవాడు న్యూయార్క్ బ్యాంకరు, మే నెలాఖరుకి దానంతటదే ఎండిపోతుంది, అప్పుడు కోయిస్తాను అని. మీటింగుకి కూడా వెళ్ళాను. వాదన ఒకే ఒక్క ప్రశ్న మీద నడిచింది. "ఇది ఇక్కడిదా, బయటిదా?" అని. ఎన్నేళ్ళుంటే ఇక్కడిదవుతుందో మీరు చెప్పండి అన్నాను. ఎవరూ జవాబివ్వలేదు. చివరికి కాలిబాట పక్కన మూడడుగులు కోసేసి, ఇంటి వైపు వదిలెయ్యమన్నారు. ఇప్పటికీ అదే ఏర్పాటు.

మీ ఊళ్ళో చూడాలనిపిస్తే తూర్పు రాష్ట్రాలవాళ్ళు ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా పార్కుల్లో, కాలవ గట్ల పక్కన తడి పచ్చికల్లో వెతకండి. కాలిఫోర్నియావాళ్ళకి ఇంకా ముందే మొదలవుతుంది. ఎండ ఉన్న రోజున పొద్దున పదీ పదకొండు మధ్య వెళ్ళండి. భోజనం చేసి తీరిగ్గా బయల్దేరితే మీకు కనపడేది ఉత్త గడ్డే.